ఆర్కే బీచ్ దగ్గర చౌక గది తీసుకునే ముందు

దసరా సెలవులు మొదలైనప్పటి నుంచి సంక్రాంతి దాటేదాకా విశాఖలో గది దొరకడమే గగనం. అరకు చలి చూడాలనుకునేవాళ్లు, పెళ్లిళ్లకొచ్చేవాళ్లు, కార్తీక స్నానాలవాళ్లు, డిసెంబరు 31 రాత్రి బీచ్ రోడ్డులో తిరగాలనుకునే కుర్రాళ్లు అందరూ ఈ కాలంలోనే దిగుతారు. బంగాళాఖాతంలో తుఫానులు ఎక్కువగా పుట్టేదీ ఈ కాలంలోనే. వెయ్యికో పదిహేను వందలకో గది వెతికేవాళ్లు మామూలుగా భయపడేది మాసిన దుప్పటికీ నల్లులకీ. వాటి సంగతి చూడగానే తెలిసిపోతుంది, అడిగితే దుప్పటి మారుస్తారు. సముద్రం పక్కనున్న పాత బిల్డింగులో అసలు చూడాల్సింది ఇనుము. ఉప్పు గాలి దాన్ని తినేస్తుంది. పైన వేసిన కొత్త రంగు ఆ సంగతి కనబడనివ్వదు.

ముందు చోటు సంగతి. ఆర్కే బీచ్‌కి నిజంగా నడిచి వెళ్లగలిగేవి పాండురంగాపురం, మహారాణిపేట వైపు గదులు. జగదాంబ, డాబాగార్డెన్స్, ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టూ ఉన్న లాడ్జీలు కూడా యాప్‌లో ‘బీచ్ దగ్గర’ అనే రాసుకుంటాయి. దూరం పెద్దదేం కాదు, ఆటోలో వెళ్లొచ్చు. కానీ విశాఖ ఎత్తుపల్లాల ఊరు. మ్యాపులో దగ్గరగా కనబడే దసపల్లా హిల్స్ నుంచి బీచ్‌కి దిగడం తేలికే, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మతో మళ్లీ పైకెక్కడమే కష్టం. రెండో రోజు అరకు రైలెక్కేవాళ్లకి నా సలహా స్టేషన్ వైపు గదే. ఆ రైలు పొద్దున్నే బయల్దేరిపోతుంది. ‘సీ వ్యూ’ కోసం అదనంగా ఇచ్చే డబ్బు చౌక హోటల్లో చాలాసార్లు రెండు వాటర్ ట్యాంకుల మధ్య నుంచి కనిపించే నీలం ముక్క కోసమే. ఆ గది ఫోటో కాకుండా ఆ కిటికీలోంచి తీసిన ఫోటో వాట్సాప్‌లో పంపమనండి.

ఫోన్ నంబరు కూడా ఒకచోట చూసి నమ్మొద్దు. మ్యాపుల్లో హోటల్ పేరు మీద మోసగాళ్ల నంబర్లు పెట్టడం పాత ఎత్తే. మొత్తం డబ్బు ముందే కట్టమన్నా, ‘కన్ఫర్మేషన్ కోసం ఈ క్యూఆర్ స్కాన్ చేయండి’ అన్నా ఆగిపోండి. మనకి డబ్బు రావాలంటే స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. పోగొట్టుకుంటే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

మాట్లాడేటప్పుడు అడగాల్సిన ప్రశ్న: చెకౌట్ దిగిన గంట నుంచి 24 గంటలకా, మధ్యాహ్నం 12కా? హైదరాబాద్ నుంచి రాత్రి రైళ్లు చాలావరకు తెల్లవారుజామునో పొద్దున్నో దింపేస్తాయి. మధ్యాహ్నం 12 పద్ధతి ఉన్న హోటల్లో పొద్దున్న ఆరింటికి దిగితే ఒక రోజు అద్దె మధ్యాహ్నానికే అయిపోతుంది, లేదా పిల్లలతో లాబీలో కూర్చోవాలి. 24 గంటల పద్ధతి ఉన్న లాడ్జీ కొంచెం పాతదైనా నేను దానికే ఓటేస్తాను. రెండూ కుదరకపోతే స్టేషన్‌లోని రిటైరింగ్ రూములున్నాయి, రైలు టికెట్ పీఎన్ఆర్‌తో ఆన్‌లైన్లో తీసుకోవచ్చు. ఇంకో చిక్కు ఉంది. తెల్లవారుజామున నడకకొచ్చేవాళ్ల కోసం బీచ్ రోడ్డులో కొంతమేర వాహనాలు ఆపేస్తారు. ఆ వరసలో గది తీసుకుంటే ఆటో ఏ సందులోంచి రావాలో ముందే కనుక్కోండి, లేకపోతే సూట్‌కేసులు మీరే ఈడ్చుకోవాలి. ‘ఆ హోటల్ మూసేశారండీ, నేను ఇంకోటి చూపిస్తా’ అనే ఆటోవాలా మాట నమ్మకుండా హోటల్‌కి ఒకసారి ఫోన్ చేయండి. అతను చూపించే చోట అతని కమీషన్ మీ అద్దెలోనే కలిసి ఉంటుంది.

డబ్బు కట్టకముందే గది చూపించమనండి. చూపించం అంటే అక్కడినుంచి కదలండి.

గదిలోకి వెళ్లగానే అందరూ ఏసీ వేసి చూస్తారు. మీరు ముందు బాల్కనీకి వెళ్లండి. రెయిలింగు కిందిభాగం, సిమెంటులో దిగిన చోట చూడండి. అక్కడ రంగు పొరలుగా లేచి, గోధుమ రంగు చార కారుతుంటే లోపల ఇనుము సగం పోయినట్టే. ఊపి చూడాలనుకుంటే బరువు వేయకుండా, రెండు కాళ్లూ లోపలే ఉంచి చేత్తో ఊపండి. కదిలితే ఇంకో గది అడగండి. ఇంకోటి లేకపోతే బాల్కనీ తలుపు గడియ పెట్టేసి, పిల్లలకి అందకుండా కుర్చీ తీసేయండి. తడి తువ్వాళ్లు ఆ రెయిలింగు మీద ఆరేయడం, దానికానుకుని సెల్ఫీలు దిగడం వద్దు. పైకప్పు పెచ్చులూడి కమ్మీ కనబడుతుంటే మంచం దాని కింద లేకుండా జరిపించండి. ఫ్యాన్ కొక్కెం వైపు కూడా ఒకసారి తలెత్తి చూస్తే పోయేదేం లేదు.

తర్వాత బాత్‌రూమ్. తీరం దగ్గర బోరు నీళ్లు ఉప్పగా ఉంటే గీజర్ లోపలి రాడ్డు తొందరగా పాడవుతుంది, కరెంటు నీళ్లలోకి వచ్చే ప్రమాదం ఉంటుంది. నీళ్లు కాగాక స్విచ్ ఆపేసి, ఆ తర్వాతే కుళాయి తిప్పండి. కుళాయి ముట్టుకుంటే చురుక్కుమన్నా, ఏసీ బాడీ మీద చెయ్యి పెడితే జిల్లుమన్నా సర్దుకుపోకండి, ఎర్తింగ్ లేదని అర్థం. గది మార్చమనండి. గ్యాస్ గీజర్ అయితే ఇంకా జాగ్రత్త. వెంటిలేటర్ మూసి ఉన్న చిన్న బాత్‌రూమ్‌లో దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, స్పృహ తప్పేదాకా తెలియదు. బకెట్లో పెట్టే ఇమ్మర్షన్ రాడ్డు ఇస్తామంటే చన్నీళ్లే నయం, విశాఖ చలి అంత పెద్దదేం కాదు. తాగడానికి మాత్రం సీసా నీళ్లే.

తలుపు గడియ, లోపలి బోల్టు సరిగ్గా పడుతున్నాయా చూడండి. తుప్పు పట్టినవి రెండు రకాలుగా ఇబ్బంది పెడతాయి: ఒక్కోసారి పడవు, ఒక్కోసారి పడ్డాక రావు. రెండోదే ప్రమాదం. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో నిప్పు అంటుకుంటే పైనున్న లాడ్జీలోకి పొగ కమ్మి 8 మంది చనిపోయారు. వాళ్లు సముద్రం పక్కన లేరు, కానీ బిల్డింగు తీరు మనకి తెలిసిందే: కింద షాపులు, మధ్యలో ఒక్క మెట్లదారి, మెట్ల మలుపులో పాత పరుపులు. గది నుంచి మెట్లకి ఎన్ని తలుపులో లెక్కపెట్టుకోండి, పొగలో కళ్లు కనబడవు. రెండో మెట్లదారి ఉంటే దానికి తాళం వేసి ఉందో లేదో చూడండి. నిలువునా గ్రిల్లు బిగించిన కిటికీ తప్ప వేరే దారి లేని గది నేనైతే తీసుకోను. మెట్ల కింద స్కూటర్లు చార్జింగ్ పెడుతుంటే పై అంతస్తు వద్దు.

దాచిన కెమెరాలున్నాయేమో అని అద్దాలు, స్మోక్ డిటెక్టర్లు, మంచానికి ఎదురుగా ఉన్న ప్లగ్గులు, సెట్‌టాప్ బాక్సు వైపు ఒక చూపు వేయండి. అనుమానం వస్తే మీరే విప్పకండి, ఫోటో తీసి 112కి ఫోన్ చేయండి.

గుర్తింపు కార్డు దగ్గర కొన్ని గొడవలుంటాయి. ఆధార్ ఇవ్వాల్సి వస్తే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. జిరాక్సు మీద తేదీ, హోటల్ పేరు రాసి గీత కొట్టి ఇవ్వడం మంచి అలవాటు. అసలు కార్డు కౌంటర్లో ఉంచుకుంటామంటే ఒప్పుకోవద్దు. విశాఖ అడ్రసున్న కార్డుకి గది ఇవ్వని హోటళ్లు చాలా ఉన్నాయి, ఇంట్లో పెయింటింగ్ పని పెట్టుకున్న లోకల్ వాళ్లు ఇది ముందే అడగాలి. పెళ్లికాని జంటలకీ అంతే. ఇద్దరు మేజర్లు ఒక గదిలో ఉండకూడదని చట్టం ఏదీ లేదు, కానీ రాత్రి పదింటికి కౌంటర్ దగ్గర వాదించి గెలవడం కష్టం.

ఇక గది బయట ఉన్న సముద్రం. ఆర్కే బీచ్ చూడటానికి బీచ్, ఈతకి కాదు. పోర్టు ఔటర్ హార్బర్ కట్టాక దక్షిణం నుంచి ఉత్తరానికి కదిలే ఇసుకకి అడ్డం పడింది. అందుకే పోర్టువాళ్లు డ్రెడ్జర్‌తో తోడిన ఇసుక తెచ్చి ఈ తీరాన పోస్తుంటారు. అంటే కాళ్ల కింది నేల సీజను సీజనుకీ మారుతుంది. పోయినసారి మోకాలి లోతున్న చోట ఈసారి అంతే ఉంటుందని లేదు. రెండు అలల వరసల మధ్య నురుగు లేకుండా, ప్రశాంతంగా కనబడే చోటే పిల్లల్ని దించాలనిపిస్తుంది. నీళ్లు లోపలికి లాగేది చాలాసార్లు అక్కడే, దాన్నే రిప్ కరెంట్ అంటారు. లాగితే ఒడ్డు వైపు ఎదురీదకండి, అలసిపోతారు. తేలుతూ ఒడ్డుకి సమాంతరంగా పక్కకి జరిగి, లాగుడు తగ్గాక అలలతో పాటు ఒడ్డుకి రండి, చెయ్యెత్తి పిలవండి. ఒడ్డున ఉన్నవాళ్లు ఒకరి వెనక ఒకరు దూకకూడదు. తాడు, ఖాళీ ట్యూబు, మూత బిగించిన ఖాళీ క్యాన్, తేలేది ఏదైనా సరే విసరండి. లైఫ్‌గార్డుల్ని పిలవండి, 108కి ఫోన్ చేయండి. పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ దగ్గరే. రాత్రి పూట, మందు తాగాక, లైఫ్‌గార్డులు విజిల్ ఊదుతున్నప్పుడు ఎవరూ నీళ్లలోకి దిగకుండా చూసే బాధ్యత మీ గుంపులో ఒకరికి అప్పగించండి. కార్తీక పౌర్ణమి స్నానమైనా పాదాలు తడిసేంత లోతులో చెంబుతో పోసుకోవచ్చు.

డిసెంబరు 31కి, నేవీ విన్యాసాలు జరిగే రోజుల్లో బీచ్ రోడ్డు మూసేస్తారు. ఆ రోజు చెకిన్ ఉంటే మధ్యాహ్నానికే గదికి చేరండి.

అన్నిటికన్నా పెద్ద లెక్క తుఫానుది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఏటీఎంలు పనిచేయలేదు, ఫోన్లు మూగబోయాయి. బయల్దేరే ముందు వారం నుంచీ వాతావరణ శాఖ బులెటిన్, అలల గురించి సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే హెచ్చరికలు చూడండి. వాయుగుండం అన్న మాట కనబడగానే టికెట్ రద్దు చేసుకోవడమే చవక. అప్పటికే ఊళ్లో ఉంటే సముద్రం వైపు అద్దాల గది వదిలి వెనక వైపు గదిలోకి మారండి. జనరేటర్ ఉందా, అది లిఫ్టుకేనా, నీళ్ల మోటారుకి కూడానా అడగండి. బకెట్లన్నీ నింపండి, పవర్ బ్యాంకు ఎక్కించండి, చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి. అలలు చూద్దామని బీచ్ రోడ్డుకి మాత్రం వెళ్లొద్దు. రైళ్లు ముందురోజే రద్దవుతాయి. కాబట్టి ఆ ప్రకటన రాకముందే కౌంటర్‌కి వెళ్లి ఇంకో రెండు రోజులకి గది పొడిగించుకుని, అదే అద్దెకని రసీదు రాయించుకోండి. ఆ సాయంత్రానికి ఊళ్లో చిక్కుకున్నవాళ్లంతా అదే కౌంటర్ ముందు నిలబడతారు.