గంటకోసారి పాలడిగితే పాలు చాలనట్టు కాదు

చీపురుపల్లి దగ్గరి పల్లెల్లో నేను ఆశా కార్యకర్తను. పురిటి ఇంట్లో అడుగుపెట్టగానే వినిపించే మాట దాదాపు ఒక్కటే: ‘ఇప్పుడే తాగాడు, మళ్లీ ఏడుస్తున్నాడు. పాలు చాలడం లేదమ్మా.’ బాలింత కంటే ముందు అమ్మమ్మే అంటుంది. అప్పటికే గూట్లో పాలడబ్బా ఉంటుంది. దాని మూత తీసే ముందు కింది విషయాలు చూసుకోండి.

తల్లిపాలు త్వరగా అరుగుతాయి, బిడ్డ పొట్టేమో చిన్నది. అందుకే రోజుకు 8 నుంచి 12 సార్లు తాగడం మామూలే. అదీ గడియారం చూసి తాగదు. మధ్యాహ్నమంతా పడుకున్న బిడ్డే దీపాలు పెట్టే వేళ మొదలుకొని రాత్రి భోజనాల దాకా రొమ్ము వదలకపోవచ్చు. ఆ పూట వంట ఇంకొకరికి అప్పజెప్పి, గోడకు దిండు ఆనించుకుని కూర్చోండి. రెండు మూడు వారాల వయసులో, మళ్లీ ఆరో వారం ప్రాంతంలో ఈ ఆకలి కొద్ది రోజులు మరీ పెరుగుతుంది. బిడ్డ ఎంత తాగితే పాలు అంత ఊరుతాయి. మధ్యలో డబ్బాపాలు పట్టిస్తే ఆ మేరకు తల్లిపాలు తగ్గుతాయి. అప్పుడు అమ్మమ్మ మాటే నిజమైనట్టు కనిపిస్తుంది!

పాలు చాలుతున్నాయో లేదో ఏడుపును బట్టి తేల్చకండి, తడి గుడ్డలు లెక్కపెట్టండి. ఐదో రోజు దాటాక రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోయాలి. నల్లగా ఉన్న మలం పసుపు రంగుకు మారాలి. డైపర్ వేస్తే ఈ లెక్క సరిగా తెలియదు, పగటిపూటైనా పాత నూలు చీర ముక్కలు వాడండి. మొదటి రోజుల్లో మూడు కిలోల బిడ్డ 2.8కి దిగినా కంగారు వద్దు. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు రావాలి. ఆసుపత్రిలో పురుడైతే మేము 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వస్తాం. మా సంచిలో త్రాసు ఉంటుంది, అడిగి మరీ తూయించుకోండి.

ఇక పాలు పట్టించే తీరు. బిడ్డ తల అటూ ఇటూ తిప్పి వెతుకుతున్నా, పిడికిలి నోట్లో పెట్టుకుంటున్నా ఆకలైనట్టే. ఏడ్చేదాకా ఆగకండి. నోరు పెద్దగా తెరిచాక దగ్గరకు తీసుకోండి. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్లాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి. మొదట గబగబా చప్పరించి, పాలు దిగాక నెమ్మదిగా తాగుతుంది. చెవి పెడితే గుటక వినిపిస్తుంది. నొప్పి పుడితే బిడ్డను లాగకండి. నోటి మూల నుంచి శుభ్రమైన చిటికెన వేలు పెట్టి విడిపించి, మళ్లీ పట్టించండి.

తేనె, పంచదార నీళ్లు, వస ఏవీ నాకించకండి. ఆరు నెలల దాకా, మే నెల ఎండల్లో కూడా, బిడ్డకు నీళ్లు అక్కర్లేదు. పత్యం పేరుతో బాలింతకు మాత్రం నీళ్లు తగ్గించవద్దు.

పుట్టిన బిడ్డ రోజుకు 14 నుంచి 17 గంటలు పడుకుంటుంది, కానీ ముక్కలు ముక్కలుగా. రాత్రీ పగలూ తేడా తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. నిద్రలోనే మూలుగుతుంది, ముఖం ముడుస్తుంది, కాళ్లు ఆడిస్తుంది. వెంటనే ఎత్తుకుంటే నిద్రపోతున్న బిడ్డను మనమే లేపినట్టు. కాసేపు చూడండి. రాత్రి పాలు మానిపించకండి, పాలు ఊరించే హార్మోన్ ఆ వేళే ఎక్కువ. చిన్న దీపం చాలు, మాటలు వద్దు. హైదరాబాద్ పనికి వెళ్లిన నాన్న వీడియో కాల్ పగలు చేసుకోవచ్చు. చదునైన పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టండి. చీర ఉయ్యాలలో రాత్రంతా వదిలేయకండి.

నిజానికి నాకు ఏడ్చే బిడ్డ కంటే అదేపనిగా పడుకునే బిడ్డంటేనే భయం. ‘మా వాడు బుద్ధిమంతుడు, లేవనే లేవడు’ అంటే వెంటనే త్రాసు తీస్తాను. పుట్టినప్పటి బరువుకు వచ్చేదాకా, మూడు గంటలు దాటితే లేపి పట్టించాల్సిందే. పొత్తిగుడ్డ విప్పండి, అరికాళ్లు రుద్దండి, తడి గుడ్డ మార్చండి. అప్పటికీ తాగకపోయినా, ఒళ్లు కాలుతున్నా, చల్లబడినా, ఊపిరి తీస్తుంటే డొక్కలు ఎగరేస్తున్నా, అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా నా కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.