టర్బో బూస్ట్ పెంచే ముందు వేస్ట్‌గేట్ సంగతి చూడండి

బూస్ట్ అంటే టర్బో ఇంజిన్‌లోకి తోసే గాలి ఒత్తిడి. దాన్ని అదుపు చేసే బూస్ట్ కంట్రోలర్ బిగించగానే డ్యూటీ (దాని సోలినాయిడ్, అంటే కరెంటుతో నడిచే వాల్వ్, తెరిచి ఉండే సమయం శాతం) పెంచేసి రోడ్డెక్కేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి అలా చేయకండి. మీ వేస్ట్‌గేట్ స్ప్రింగ్ ఎంత ఒత్తిడికి లొంగుతుందో తెలియకుండా మిగతా ట్యూనింగ్ అంతా గుడ్డిలెక్కే.

ఎగ్జాస్ట్ టర్బైన్‌ని తిప్పుతుంది, కంప్రెసర్ గాలిని ఇంజిన్‌లోకి తోస్తుంది, గాలి పెరిగితే ఎగ్జాస్ట్ ఇంకా పెరుగుతుంది, అడ్డు లేకపోతే ఇది ఇంజిన్ పోయేదాకా సాగుతుంది. ఆ అడ్డే వేస్ట్‌గేట్, కొంత ఎగ్జాస్ట్‌ని టర్బైన్‌కి తగలకుండా పక్కదారి పట్టించే చిన్న తలుపు. ఆ తలుపుని రాడ్‌తో తెరిచే డబ్బా యాక్చుయేటర్. దాని లోపల బూస్ట్ ఒత్తిడి డయాఫ్రం అనే పల్చటి పొరని ఒకవైపు నెడుతుంటే స్ప్రింగ్ ఎదురు నిలుస్తుంది, ఒత్తిడి స్ప్రింగ్‌ని మించేదాకా తలుపు తెరుచుకోదు. అందుకే 0.5 బార్ స్ప్రింగ్ ఉన్న బండిని ఫుల్ థ్రాటిల్‌లో 0.3 బార్ దగ్గర ఆపడం ఏ సోలినాయిడ్ వల్లా కాదు.

గేజ్ ఉన్న చేతిపంపుని యాక్చుయేటర్ నిపుల్‌కి తగిలించి మెల్లగా ఒత్తిడి ఎక్కించండి. రాడ్ కదలడం మొదలైన అంకె రాసుకోండి. ముల్లు నిలవకుండా దిగిపోతుంటే డయాఫ్రం చిరిగినట్టే, మార్చాల్సిందే. ఇక ప్రీలోడ్, అంటే స్ప్రింగ్‌కి ముందే ఇచ్చే బిగువు: ఒత్తిడి లేనప్పుడు, తలుపు పూర్తిగా మూసి ఉండగా, రాడ్ చివరి కన్ను లివర్ పిన్నుకి కొంచెం అందకుండా ఉండాలి, కాస్త లాగితేనే ఎక్కాలి. వదులుగా ఎక్కేస్తే తలుపు ముందే తెరుచుకుని బూస్ట్ బద్ధకంగా వస్తుంది.

మూడు పోర్టుల సోలినాయిడ్ చేసేది ఒక్కటే, యాక్చుయేటర్‌కి వెళ్లే ఒత్తిడిలో కొంత బయటికి వదిలేయడం. 1 బార్ వస్తున్నా యాక్చుయేటర్‌కి 0.5 బారే తెలిస్తే తలుపు ఆలస్యంగా తెరుచుకుంటుంది.

ముందు ఈసీయూలో (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లో) ఓవర్‌బూస్ట్ కట్, అంటే బూస్ట్ హద్దు దాటితే ఇంజిన్ పవర్ ఆపేసే రక్షణ, పెట్టండి. తర్వాత డైనో (బండి శక్తి కొలిచే యంత్రం) మీద 0 శాతం డ్యూటీతో ఒక పుల్ (ఫుల్ థ్రాటిల్ పరుగు), లాగ్ చూడండి, ఆపై 5 శాతం చొప్పున పెంచుతూ ప్రతిసారీ నాక్ (ఇంధనం అదుపు తప్పి మండడం), ఎయిర్ ఫ్యూయెల్ రేషియో చూసుకోండి. క్లోజ్డ్ లూప్ (అసలు బూస్ట్ చూసి ఈసీయూయే డ్యూటీ సరిదిద్దుకోవడం) చివర్లోనే, ఎందుకంటే బేస్ టేబుల్ (ఏ ఆర్‌పీఎంకి ఎంత డ్యూటీ అన్న పట్టిక) సరిగా లేకపోతే పీఐడీతో, అంటే ఆ సరిదిద్దే లెక్కతో, ఎంత కుస్తీ పట్టినా బూస్ట్ ఊగుతూనే ఉంటుంది. బూస్ట్ ఎక్కేటప్పుడు ఒక్కసారిగా లక్ష్యం దాటి దిగితే అది స్పైక్, ఆ ఆర్‌పీఎం దగ్గర డ్యూటీ తగ్గించండి. 0 శాతంలో కూడా పై ఆర్‌పీఎంలలో పెరుగుతూనే పోతే అది క్రీప్, తలుపు రంధ్రం చాలట్లేదని అర్థం, దానికి సాఫ్ట్‌వేర్‌లో మందు లేదు, పోర్ట్ వెడల్పు చేయించాలి లేదా ఎక్స్‌టర్నల్ గేట్ (టర్బో బయట విడిగా ఉండే వేస్ట్‌గేట్) వేయాలి.

గొట్టాలన్నిటికీ క్లాంపులు తప్పనిసరి. యాక్చుయేటర్ గొట్టం ఊడితే తలుపుకి కబురే అందదు, బూస్ట్‌కి హద్దు ఉండదు.