ముసలి పిల్లి ఉన్న ఇంట్లో దుమ్ముతో జాగ్రత్త

మీ పిల్లికి పదేళ్లు దాటాయా? గిన్నె ఖాళీ చేసి మళ్లీ తిండి కోసం కాళ్ల చుట్టూ తిరుగుతూనే, నిమిరితే వెన్నెముక చేతికి తగిలేంతగా చిక్కిపోతోందా? ముసలితనం అని వదిలేయకండి. నీళ్లు ఎక్కువ తాగడం, వాంతులు, రాత్రుళ్లు ఊరికే అరవడం కూడా ఉంటే థైరాయిడ్ అతిగా పనిచేస్తోందేమో చూడాలి.

పిల్లుల్లో ఈ జబ్బును వైద్యులు మొదటిసారి వివరించింది 1979లో, న్యూయార్క్‌లో. మంట త్వరగా అంటుకోకుండా సోఫా ఫోముల్లో, టీవీ ప్లాస్టిక్కుల్లో పీబీడీఈ అనే రసాయనాలు విరివిగా కలపడం మొదలైంది కూడా ఆ దశాబ్దంలోనే. వీటి రూపం థైరాయిడ్ హార్మోన్‌కి దగ్గరగా ఉంటుంది. జబ్బుకి ఇదొక్కటే కారణమని రుజువు కాలేదు, కానీ 2007లో అమెరికా శాస్త్రవేత్తలు పరీక్షిస్తే పిల్లుల రక్తంలో ఇవి మనుషుల కన్నా చాలా ఎక్కువగా కనిపించాయి. ఫోము నుంచి దుమ్ములోకి, దుమ్ము నుంచి బొచ్చు మీదికి, పిల్లి రోజంతా ఒళ్లు నాక్కుంటుంది కాబట్టి నేరుగా కడుపులోకి. నేల మీద పాకే పసిపిల్లలదీ ఇదే పరిస్థితి, అందుకే నాకు ఇది పిల్లి విషయం మాత్రమే అనిపించదు.

కాబట్టి పొడి చీపురు తగ్గించండి, లేచిన దుమ్ము మళ్లీ పిల్లి మీదే వాలుతుంది. తడిగుడ్డ పెట్టండి, ముఖ్యంగా టీవీ వెనక, సెటాప్ బాక్స్ చుట్టూ, వెచ్చగా ఉంటుందని అక్కడే పడుకుంటాయి కదా. నీళ్లలో ఫినాయిల్ మాత్రం వద్దు, థైరాయిడ్‌తో సంబంధం లేకపోయినా అందులో ఉండే ఫినాల్ రకం రసాయనాలు పిల్లులకు విషం. సోఫా చిరిగి ఫోము పొడిపొడిగా రాలుతుంటే కవర్ కుట్టించండి లేదా ఫోము మార్పించండి. పడుకోవడానికి పాత నూలు చీరలతో కుట్టిన బొంత చాలు. తిండి స్టీలు గిన్నెలో పెట్టండి. రోజూ టిన్ను ఫుడ్ పెట్టే అలవాటుంటే తగ్గించండి, డబ్బా లోపలి పూతలో ఉండే బిస్ఫినాల్ అనే రసాయనం మీద కూడా అనుమానం ఉంది.

నెలకోసారి పిల్లిని ఎత్తుకుని బరువు చూసుకోండి, మీ బరువు తీసేస్తే దానిది తెలుస్తుంది. తగ్గుతుంటే మీ డాక్టర్ దగ్గరికో, హైదరాబాద్ రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకో తీసుకెళ్లి, థైరాయిడ్ హార్మోన్ ఎంతుందో చెప్పే టీ4 రక్తపరీక్ష గురించి అడగండి. టెన్షన్ వద్దు, మందులున్నాయి. కానీ ఇంట్లో అమ్మ వేసుకునే థైరాయిడ్ మాత్ర మాత్రం పొరపాటున కూడా వేయకండి, అది సాధారణంగా హార్మోన్ తక్కువైనవాళ్లకు ఇచ్చేది, మీ పిల్లికి ఉన్నది ఎక్కువ.