ధర్మకాంటా కంప్యూటర్ బీప్ అనకపోతే: లినక్స్‌లో ఎక్కడెక్కడ చూడాలి

మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల్లో, ధర్మకాంటాల దగ్గర పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ వేసుకుని నడిపేవాళ్లకు బీప్ అక్కరకొచ్చే చప్పుడు. లారీ కాంటా ఎక్కి తూకం నిలబడగానే అది మోగితే, ఆపరేటర్ స్క్రీన్ వంకే చూస్తూ కూర్చోనక్కర్లేదు. యాసంగి వడ్లు దిగే రోజుల్లో గేటు బయట లారీలు బారులు తీరి ఉండగా "అన్నా, నిన్నటిదాకా మోగింది, ఇయ్యాల మోగుతలేదు" అని ఫోనొస్తే టెన్షన్ మామూలుగా ఉండదు. విడి స్పీకర్లు పెట్టుకోవచ్చు కదా అంటారు. వాటి వైరు ఊడుతుంది, ఎవరో ఒకరు వాల్యూమ్ తగ్గిస్తారు. మదర్‌బోర్డు బజర్‌కు సౌండ్ కార్డుతో పని లేదు, టైమర్ చిప్ నేరుగా మోగిస్తుంది. నాకు దాని మీదే నమ్మకం.

ఎప్పుడూ, ఏ చప్పుడూ లేదు

బజర్ అసలు ఉందా చూడండి. కొత్త మదర్‌బోర్డులు చాలావాటికి బజర్ రాదు, స్పీకర్ అని రాసిన 4 పిన్నులు మాత్రం ఉంటాయి. చిన్న బజర్ కొని అక్కడ గుచ్చితే చాలు. ల్యాప్‌టాప్‌లలో విడి బజర్ ఉండదు, బీప్ సౌండ్ చిప్ గుండా వెళ్తుంది. ఆల్సామిక్సర్ (టర్మినల్‌లో సౌండ్ స్థాయిలు మార్చే ప్రోగ్రామ్) తెరిచి 'బీప్' అనే గీత మ్యూట్‌లో ఉంటే ఎం నొక్కి తీసేయండి.

బజర్ ఉంది, లినక్స్‌లోకి వచ్చాక మోగదు

ఎక్కువసార్లు తగిలేది ఇదే. బజర్‌ను నడిపే కెర్నెల్ మాడ్యూల్ (లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌కు అవసరాన్ని బట్టి చేర్చే ముక్క) పేరు పీసీఎస్‌పీకేఆర్ (pcspkr). ఆ చప్పుడు జనానికి చిరాకని ఉబుంటు లినక్స్ దాన్ని బ్లాక్‌లిస్ట్‌లో, అంటే తనంతట తాను లోడ్ కాకూడని వాటి జాబితాలో పెట్టింది. లోడైన మాడ్యూల్స్ చూపే ఎల్ఎస్‌మాడ్ కమాండ్ కొట్టి చూడండి. జాబితాలో ఆ పేరు లేకపోతే సూడోతో (అడ్మిన్ హక్కుతో) మోడ్‌ప్రోబ్ కమాండ్ ఇచ్చి లోడ్ చేయండి. వెంటనే మోగుతుంది. కరెంటు పోయి మెషీన్ మళ్లీ లేచేసరికి మాత్రం మాడ్యూల్ ఉండదు. నిన్న మోగింది ఇవాళ మోగకపోవడం వెనక చాలాసార్లు ఉండేది ఈ రీబూటే.

శాశ్వతంగా కావాలంటే మోడ్‌ప్రోబ్.డి ఫోల్డర్‌లోని బ్లాక్‌లిస్ట్ ఫైల్‌లో ఆ మాడ్యూల్ పేరున్న లైన్ ముందు హ్యాష్ గుర్తు పెట్టండి. ఆ లైన్ అలాగే ఉంచి బూట్‌లో లోడ్ కావాల్సిన వాటి ఫోల్డర్ మాడ్యూల్స్-లోడ్.డి లో పేరు రాస్తే సరిపోదు, మెషీన్ లేచేటప్పుడు వాటిని లోడ్ చేసే సిస్టమ్‌డీ బ్లాక్‌లిస్ట్‌నే పాటిస్తుంది. ఎస్ఎన్‌డీ-పీసీఎస్‌పీ అనే ఇంకో మాడ్యూల్ కూడా ఇదే బజర్ కోసం వస్తుంది. రెండింట్లో ఒకటే ఉంచండి.

కన్సోల్‌లో మోగుతుంది, డెస్క్‌టాప్‌లో మోగదు

ప్రోగ్రామ్ బెల్ అక్షరాన్ని (తెరపై కనపడకుండా 'మోగించు' అని చెప్పే అక్షరం) పంపితే మోగించేది టర్మినలే. కంట్రోల్-ఆల్ట్-ఎఫ్3 కన్సోల్‌లో కెర్నెల్ బజర్‌ను మోగిస్తుంది. గ్రాఫికల్ టర్మినల్ దాన్ని డెస్క్‌టాప్ సౌండ్‌గా మార్చవచ్చు, మింగేయనూ వచ్చు. నల్గొండ ఆఫీసు నుంచి ఎస్ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి ఇంకో మెషీన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) ప్రోగ్రామ్ నడిపితే బెల్ మీ టేబుల్ మీది మెషీన్‌కు వస్తుంది, కాంటా దగ్గర చప్పుడుండదు. సెట్టింగులతో కుస్తీ పట్టొద్దు. ప్రోగ్రామ్‌లో బెల్ అక్షరం తీసేసి బీప్ కమాండ్ పెట్టండి, అది బజర్‌కు లినక్స్ ఇచ్చే పరికరం ఫైల్‌కే నేరుగా రాస్తుంది.

బీప్ కమాండ్ పర్మిషన్ లేదంటుంది

ఆ పరికరం ఫైల్‌లో రాసే హక్కు మామూలు యూజర్‌కు ఉండదు. కమాండ్‌కు సెట్‌యూఐడీ (ఎవరు నడిపినా రూట్, అంటే అడ్మిన్ హక్కుతో నడిచే గుర్తు) ఇచ్చేయమనే పాత సలహా దయచేసి పాటించకండి. అలా నడిచే బీప్‌లోనే 2018లో భద్రతా లోపం బయటపడింది, మామూలు యూజర్ రూట్ అయ్యే దారి దొరికింది. ఇప్పటి బీప్ సెట్‌యూఐడీతోగానీ సూడోతోగానీ నడవనే నడవదు. బీప్ అనే గ్రూపు పెట్టి, 'పీసీ స్పీకర్' పరికరాన్ని ఆ గ్రూపుకు ఇచ్చేలా యూడెవ్ (పరికరాల ఫైళ్లకు హక్కులు పెట్టే లినక్స్ భాగం) రూల్ రాయండి. కాంటా యూజర్‌ను గ్రూపులో చేర్చండి. రూల్స్ రీలోడ్ చేసి, మాడ్యూల్ తీసి మళ్లీ వేసి, లాగౌట్ అయి లోపలికి రండి. ప్రోగ్రామ్ సర్వీస్‌గా నడుస్తుంటే దాన్నీ రీస్టార్ట్ చేయాలి.

మోగుతుంది గానీ మధ్యలో తెగుతుంది

బజర్ ఒక్కటే, ఒకసారికి ఒక స్వరమే. తూకం ప్రోగ్రామ్, ఇన్వర్టర్ అలర్ట్ ఒకేసారి మోగిస్తే ఒకటి ఆపగానే రెండోదీ ఆగుతుంది. రెండింటినీ ఎఫ్‌లాక్ (ఒకటి ముగిసేదాకా రెండోదాన్ని ఆపి ఉంచే కమాండ్) ద్వారా పిలిస్తే ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. మిల్లు మోత మధ్య వినిపించాలంటే 2,000 హెర్ట్జ్ పైన వేర్వేరు ఫ్రీక్వెన్సీలు వేసి చూసి, మీ బజర్ ఎక్కడ గట్టిగా పలికితే అది పెట్టుకోండి.