కరెంటు బిల్లు పెరిగిందా? మీటరు మార్చమనే ముందు న్యూట్రల్ చూడండి

పల్లెల్లో ఇళ్ల వైరింగు చేసేవాళ్లకు తరచూ వచ్చే ఫిర్యాదు ఒకటే. "మీటరు గిర్రున తిరుగుతోంది, మార్పించండి" అంటారు. మీటరు మీద ఇప్పుడు రీడింగు ఎంత ఉందని అడిగితే తెలియదంటారు. బిల్లు చేతిలోనే ఉంటుంది, మీటరు గోడ మీదే ఉంటుంది, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు మాత్రం ఉండరు. కాబట్టి ముందు ఆ పని చేయండి. మీటరు తెరమీద తేదీ, సమయం, వోల్టేజి, గరిష్ఠ లోడు అన్నీ ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి. కిలోవాట్ అవర్ అని చూపించే అంకె ఒక్కటే మీకు కావాలి. బిల్లులోని ప్రస్తుత రీడింగు కంటే అది తక్కువగా ఉంటే రీడింగు తప్పు తీశారు. ఫోటో తీసి 1912కు ఫోన్ చేయండి, అక్కడితో మీ పని అయిపోయింది. సరిపోయిందా, అయితే చదవండి.

యూనిట్లు పెరగలేదు, రూపాయలు పెరిగాయి

ఇది వైరింగు సంగతి కాదు. బిల్లును కింది దాకా చదవండి. పాత బకాయి, ఏసీడీ పేరుతో అడిగే అదనపు డిపాజిట్, ఆంధ్రప్రదేశ్‌లోనైతే ఇంధన సర్దుబాటు, పాత ఖర్చుల తేడాను తర్వాత వసూలు చేసే ట్రూ అప్ చార్జీలు. వీటిలో ఏదో ఒకటి కనబడుతుంది. దీనికి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి డబ్బులివ్వకండి.

యూనిట్లు కాస్తే పెరిగాయి, బిల్లు బాగా పెరిగింది

తెలంగాణలో ఇది మరీ ఎక్కువ. 2022-23 టారిఫ్ ప్రకారం నెల వాడకం 100 యూనిట్లు దాటి 200 లోపు ఉంటే మొదటి వందకు యూనిట్ 3.40 రూపాయలు, తర్వాతి వందకు 4.80. అంటే 200 యూనిట్లకు 820 రూపాయలు. ఒక్క యూనిట్ దాటితే మొత్తం లెక్కే మారుతుంది. మొదటి 200కూ యూనిట్ 5.10 చొప్పున, ఆపైది 7.70 చొప్పున పడుతుంది. 201 యూనిట్లకు 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల పైమాటే. ఫిక్స్‌డ్, కస్టమర్ చార్జీలు వేరు. గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తున్న ఇంటికైతే దెబ్బ ఇంకా పెద్దది, సున్నా నుంచి ఒక్కసారిగా వెయ్యి దాటుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో శ్లాబులు మెట్లుమెట్లుగా ఉంటాయి. 30 యూనిట్ల దాకా 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75. పై మెట్టు ఎక్కినా కింది యూనిట్ల ధర మారదు. అందుకే అక్కడ ఒక్క యూనిట్‌తో బిల్లు ఎగిరిపడదు.

రెండు రీడింగుల మధ్య ఎన్ని రోజులున్నాయో కూడా లెక్కపెట్టండి. రోజుకు ఆరున్నర యూనిట్లు వాడే ఇల్లు 30 రోజులకు 195 దగ్గర ఆగుతుంది, 33 రోజులకు 214 దాటుతుంది. తేదీల తేడా ఉంటే దాన్ని లెక్కలో సర్దారో లేదో సెక్షన్ ఆఫీసులో అడగండి.

యూనిట్లు నిజంగానే పెరిగాయి

ముందు ఇంట్లో కొత్తగా ఏమి వచ్చిందో గుర్తుచేసుకోండి. ఇండక్షన్ పొయ్యి, వాటర్ హీటర్ కడ్డీ, వేసవిలో కూలరు. పాత సీలింగు ఫ్యాను 75 వాట్లు తింటుంది. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 34 యూనిట్లు, మూడు ఫ్యాన్లకు వంద. కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను అందులో సగం కూడా తీసుకోదు.

తర్వాత మోటారు. ఫుట్‌వాల్వు కారుతుంటే ట్యాంకు నిండటానికి పట్టే సమయం పెరుగుతూ పోతుంది. రోజూ పావుగంటలో నిండే ట్యాంకుకు అరగంట పడుతోందంటే మీటరును అనుమానించడం దండగ. కెపాసిటర్ బలహీనపడి మోటారు మూలుగుతున్నా ఇంతే. ఈ మాత్రం మీకు తెలిసే ఉంటుంది, ముందుకు పోదాం.

అన్నీ ఆపేసినా మీటరు దీపం కొట్టుకుంటోంది

మీటరు ముఖం మీద చిన్న ఎర్ర దీపం ఉంటుంది. దాని పక్కన ఒక యూనిట్‌కు ఎన్నిసార్లు వెలుగుతుందో ముద్రించి ఉంటుంది, చాలావాటి మీద 3200 అని. కిలోవాట్ లోడు పెడితే నిమిషానికి 53 సార్లు వెలగాలి. మీటరు వేగంగా పోతోందన్న అనుమానం ఉంటే వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె ఒక్కటే పెట్టి, అది వేడెక్కి ఆగిపోకముందే నిమిషం పాటు లెక్కపెట్టండి. వోల్టేజి తక్కువుంటే కొన్ని తగ్గుతాయి. 50కి అటూ ఇటూ వస్తే మీటరు మంచిదే.

ఇంట్లో అన్ని స్విచ్చులూ ఆపాక కూడా నిమిషానికి ఒకసారి వెలిగిందంటే దాదాపు 19 వాట్లు ఎక్కడో పోతున్నట్టు. నెలకు 13 యూనిట్లు. సెట్‌టాప్ బాక్సు, ఇన్వర్టరు, ప్లగ్గులో వదిలేసిన చార్జర్లు కలిస్తే అంత వస్తుంది. అంతకంటే చాలా వేగంగా కొట్టుకుంటుంటే, దానికి తోడు ఎర్త్ అని రాసి ఉన్న రెండో దీపం కూడా వెలుగుతుంటే, ఫ్యూజులు ఒక్కొక్కటే తీసి చూడండి. ఏది తీస్తే ఆగిందో ఆ లైనులో కరెంటు కారుతోంది. ఎక్కువసార్లు బోరు మోటారు కేబుల్ ఒరుసుకుపోయి ఉంటుంది, లేదా వానకు తడిసిన గోడలో పాత జాయింటు ఉంటుంది. బిల్లు సంగతి తర్వాత, ముందు ఆ లైను వాడటం ఆపండి. పిల్లలు ఆ పంపు పట్టుకుంటారు.

ఇల్లు తాళం వేసి ఉన్నా యూనిట్లు పడుతున్నాయి

ఈ వ్యాసం రాయడానికి కారణం ఇదే.

లక్షణాలు ఇలా ఉంటాయి. ఒకే ఇంటికి రెండు మీటర్లు: అన్నదమ్ములు పంచుకున్న ఇల్లు, పైన కొడుకు కింద తల్లిదండ్రులు ఉన్న ఇల్లు, ముందు భాగం అద్దెకిచ్చిన ఇల్లు. ఇద్దరిలో తక్కువ వాడేవాళ్ల బిల్లు వాడకానికి పొంతన లేకుండా వస్తుంది. ఊరెళ్లి వచ్చినా యూనిట్లు తగ్గవు. పాత చక్రం మీటరు ఉన్నప్పుడు ఈ గొడవ లేదు, ఎలక్ట్రానిక్ మీటరు పెట్టినప్పటి నుంచే మొదలైంది. దాంతో అందరూ కొత్త మీటరునే తిడతారు. కొందరు డబ్బు కట్టి మీటరు పరీక్ష చేయిస్తారు. మీటరు సరిగ్గానే ఉందని తేలుతుంది. అప్పుడు పరీక్షనే అనుమానిస్తారు.

కారణం రెండిళ్ల న్యూట్రల్ వైర్లు, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగలు, లోపల ఎక్కడో కలిసిపోయి ఉండటం.

పాత చక్రం మీటరు ఇంట్లోకి కరెంటు తెచ్చే ఫేజ్ వైరులో పోయేదాన్నే కొలిచేది. దాన్ని మోసం చేయడం తేలిక: నేలలో కడ్డీ పాతి, న్యూట్రల్‌కు బదులు ఆ కడ్డీని వాడుకుంటూ తీగలు తారుమారు చేసేవాళ్లు. ఆ దొంగతనం ఆపడానికి ఇప్పటి మీటర్లు ఫేజ్‌నూ న్యూట్రల్‌నూ రెండింటినీ కొలుస్తాయి. రెండింటిలో తేడా కనబడితే ఎక్కువ ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకుంటాయి. దొంగకు వేసిన వల ఇది. న్యూట్రల్ కలిసిపోయిన ఇంట్లో ఆ వలలో పడేది ఏ పాపమూ ఎరగని పొరుగు పోర్షనువాళ్లు.

లెక్క చూడండి. అన్న ఇంట్లో గీజరు, మోటారు కలిసి 10 ఆంపియర్లు లాగుతున్నాయి. తమ్ముడి ఇల్లు తాళం. అన్న మీటరు గుండా ఫేజ్‌లో 10 పోతుంది. తిరుగు దారిలో న్యూట్రల్స్ కలిసి ఉన్నాయి కాబట్టి, రెండు సర్వీసు వైర్లు ఒకే మందం, ఒకే పొడవు ఉంటే, 5 అన్న న్యూట్రల్‌లో, 5 తమ్ముడి న్యూట్రల్‌లో వెనక్కి వెళ్తుంది. అన్న మీటరు పెద్దదైన 10ని రాసుకుంటుంది, అది న్యాయమే. తమ్ముడి మీటరుకు ఫేజ్‌లో సున్నా, న్యూట్రల్‌లో 5 కనబడుతుంది. అది 5 రాసుకుంటుంది. గంట సేపు ఇలా నడిస్తే అన్నకు 2.3 యూనిట్లు, తాళం వేసిన తమ్ముడి ఇంటికి 1.15 యూనిట్లు.

తమ్ముడు ఇంట్లో ఉండి 4 ఆంపియర్లు వాడుతున్నాడనుకుందాం. మొత్తం 14, చెరో న్యూట్రల్‌లో 7. అన్నకు 10, తమ్ముడికి 7. ఎక్కువ వాడే అన్నకు నష్టం లేదు కాబట్టి "నా బిల్లు మామూలుగానే వస్తోంది, నువ్వే ఏదో ఎక్కువ వాడుతున్నావు" అంటాడు. అన్నదమ్ముల మధ్య మాటలు పోవడానికి ఇంతకంటే ఏం కావాలి! తమ్ముడి నుంచి ఆ కరెంటు అన్నకు చేరిందా అంటే అదీ లేదు. ఎవరూ వాడని యూనిట్లకు ఒకరు డబ్బు కడుతున్నారు.

200 యూనిట్ల లోపు ఉండాలని ఒక ఇంటిని రెండు సర్వీసులుగా చేయించుకున్నచోట్ల ఇది ఎక్కువగా చూస్తాం. రెండో మీటరు పెట్టారు, ఫేజ్ విడదీశారు, రెండు వైపులా దీపాలు వేరువేరుగా ఆరుతున్నాయి, పని అయిందనుకున్నారు. న్యూట్రల్ మాత్రం ఉమ్మడి కుటుంబంలోనే ఉండిపోయింది.

తేల్చుకోవడం ఎలా

ఇక్కడే చాలామంది తప్పు పరీక్ష చేస్తారు. మెయిన్ ఆపేసి "చూడండి, మీటరు ఆగింది, అంతా బాగానే ఉంది" అంటారు. ఇప్పటి మెయిన్ స్విచ్చుల్లో చాలావరకు ఫేజ్‌తో పాటు న్యూట్రల్‌నూ తెంచుతాయి. న్యూట్రల్ తెగగానే పక్కింటి కరెంటుకు దారి లేక మీటరు ఆగుతుంది. రోగం దాక్కుంటుంది.

సరైన పద్ధతి ఇది: బాధపడుతున్న ఇంట్లో మెయిన్ వేసే ఉంచండి. దాని తర్వాత ఉన్న చిన్న ఎంసీబీలు, అంటే ఫ్యూజులకు బదులు పెట్టే స్విచ్చులు, అన్నీ దించేయండి. రెండో ఇంట్లోనూ అన్నీ ఆపించండి. మీటరు దీపం ఆగాలి. ఇప్పుడు రెండో ఇంటివాళ్లను గీజరో మోటారో వేయమనండి. మీ ఇంట్లో ఒక్క బల్బూ వెలగకుండానే మీ మీటరు దీపం కొట్టుకోవడం మొదలైతే, ఎర్త్ దీపం వెలిగితే, ఇక అనుమానం లేదు. వాళ్లు ఆపితే మీదీ ఆగుతుంది. రెండుమూడుసార్లు వేసి ఆపి ఇరువైపుల పెద్దమనుషులకు చూపించండి, సగం తగాదా అక్కడే తీరుతుంది. ఎలక్ట్రీషియన్ దగ్గర టాంగ్ టెస్టర్ ఉంటే మీ న్యూట్రల్ వైరుకు తగిలించి అంకెతో సహా చూపిస్తాడు.

కరెంటు కారడానికీ దీనికీ తేడా ఇదే. కారేది మీ లైను అయితే మీ ఫ్యూజు తీస్తే ఆగుతుంది. ఇది పక్కింటి స్విచ్చుతో మొదలవుతుంది, పక్కింటి స్విచ్చుతోనే ఆగుతుంది.

ఇంకో ఆధారం కూడా ఉంటుంది. షాకు కొట్టకుండా పెట్టిన ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతుంటే, పాడైందని దాన్ని పీకేసి ఉంటారు. ఫేజ్, న్యూట్రల్ తేడా వస్తే పడిపోవడమే దాని పని. చెబుతున్నదాన్ని వినకుండా నోరు నొక్కేశారన్నమాట.

ఎక్కడ కలిసి ఉంటుంది, ఎలా విడదీయాలి

మొదట చూడవలసింది ఉమ్మడి బోరు మోటారు. రెండు మీటర్ల నుంచి మార్చుకుని వాడేందుకు చేంజ్ఓవర్ స్విచ్ పెడతారు. అది ఫేజ్‌ను మాత్రమే మార్చే రకమైతే రెండు న్యూట్రల్స్ ఎప్పటికీ కలిసే ఉంటాయి. రెండు వైర్లనూ మార్చే డబుల్ పోల్ రకం పెట్టండి. తర్వాత మెట్ల దీపం: ఫేజ్ కింది ఇంటిది, న్యూట్రల్ పై ఇంటిది. దానికి రెండూ ఒకే మీటరు నుంచి ఇవ్వాలి. రెండు భాగాలకూ కలిపి పెట్టిన ఇన్వర్టరు మూడోది. ఇవేవీ కాకపోతే పాత ఇంటి గోడలో ఒకే న్యూట్రల్ ఈ చివర నుంచి ఆ చివరకు పోయి ఉంటుంది. అప్పుడు ఒక భాగానికి కొత్త న్యూట్రల్ లాగడం తప్ప దగ్గరి దారి లేదు. స్విచ్ బోర్డులో టేపు చుట్టి తెంపే పని ఒప్పుకోకండి.

పని అయ్యాక రెండు మెయిన్లూ ఆపించి, బయటికి పోయే న్యూట్రల్స్ రెండింటినీ ఊడదీయించి, వాటి మధ్య మల్టీమీటరుతో చూడమనండి. కలిసే ఉంటే అది కూస్తుంది, కూత వినబడకూడదు. ఇది ఇంటివాళ్లు చేసే పని కాదు. కలిసిపోయిన న్యూట్రల్‌ను లోడు నడుస్తుండగా విప్పితే న్యూట్రలే షాకు కొడుతుంది. మీటరు సీలు, స్తంభం వైపు వైరు ఎవరూ ముట్టకూడదు, అది లైన్‌మన్ పని.

ఇలాంటిదే ఇంకొకటి: న్యూట్రల్‌ను ఇంటి ఎర్త్ కడ్డీకి కలిపి ఉంచడం. వోల్టేజి బాగుంటుందని ఎవరో చెబితే చేసి ఉంటారు. వీధి న్యూట్రల్ ఎక్కడైనా తెగితే ఊరి కరెంటంతా మీ మీటరు గుండా, మీ కడ్డీలోకి దారి వెతుక్కుంటుంది. వెంటనే విడదీయించండి.

మిగిలినవి

పక్కవాళ్లు దొంగతనంగా మీ లైనుకు తగిలించుకోవడం: జరుగుతుంది, కానీ పైన చెప్పిన ఫ్యూజుల పరీక్షలో బయటపడుతుంది. పిడుగుకు మీటరు దెబ్బతినడం: ఎక్కువగా పూర్తిగా చచ్చిపోతుంది, వేగంగా పోవడం అరుదు. నిజంగా మీటరే తప్పు చూపిస్తుంటే ఇస్త్రీ పెట్టె లెక్కలో తెలిసిపోతుంది. అప్పుడు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి మీ మీటరుతో పోల్చి చూడటానికి చెక్ మీటరు పెట్టమని అడగండి. వినకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

న్యూట్రల్ కలవడం వల్ల ఇప్పటిదాకా కట్టిన డబ్బు తిరిగి వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. మీటరు దాటాక ఇంటి లోపలి వైరింగు ఇంటివాళ్ల బాధ్యత. రిపేరు చేయించిన రోజు రీడింగు ఫోటో తీసి పెట్టుకోండి, పది రోజుల తర్వాత మళ్లీ తీయండి. తేడా అందులో కనబడుతుంది, వచ్చే నెల బిల్లు దాకా ఆగనక్కరలేదు.