శేషాలతో లెక్కలు – 4వ పాఠం: 429 కోట్ల సంఖ్యకు 641 పరీక్ష

ఒక సంఖ్య వర్గానికి శేషం కావాలంటే, ముందు ఆ సంఖ్య శేషం తీసి, దాన్ని వర్గం చేసి, మళ్లీ శేషం తీస్తే చాలని పోయిన పాఠంలో చూశాం. ఈ రోజు ఆ ఒక్క సూత్రంతో 4,29,49,67,297 పని పడదాం.

ఇది 2³² + 1. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా 3, 5, 17, 257, 65,537 అనే వరుసను గమనించాడు. 2కు 1, 2, 4, 8, 16 ఘాతాలు వేసి 1 కలిపితే ఇవి వస్తాయి. అయిదూ ప్రధాన సంఖ్యలే. తర్వాత వచ్చే మన సంఖ్య కూడా అంతేనని ఆయన నమ్మాడు. 1732లో ఆయిలర్ అది 641తో నిశ్శేషంగా భాగింపబడుతుందని చూపించాడు.

కాలిక్యులేటర్ పక్కన పెట్టి, కాగితం తీసుకోండి. భాజకం 641.

2⁸ = 256. ఇది 641 కంటే చిన్నదే కాబట్టి అలాగే ఉంచుదాం.

2¹⁶ అంటే 256 వర్గం, 65,536. ఇందులోంచి 641 × 102 = 65,382 తీసేస్తే 154.

2³² కోసం 65,536ను వర్గం చేయక్కర్లేదు, 154ను చేయండి: 23,716. ఇందులోంచి 641 × 36 = 23,076 తీసేస్తే 640.

చివరి 1 కలపండి. 641 వచ్చింది, అంటే శేషం సున్నా! పది అంకెల సంఖ్యను అసలు ముట్టుకోనే లేదు.

ఎందుకు కుదిరిందో ఒక్కసారి రాసి చూసుకోండి. 65,536 = 641 × 102 + 154. దీని వర్గాన్ని విస్తరిస్తే 154² తప్ప మిగతా పదాలన్నిటిలోనూ 641 గుణకంగా ఉంటుంది. అవి ఎంత పెద్దవైనా శేషాన్ని మార్చలేవు.

మరి 641నే ఎందుకు పట్టుకోవాలి? నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే, దాన్ని 64తో భాగిస్తే 1 మిగలాలని ఆయిలర్ నిరూపించాడు. అలాంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నానికే దొరికిపోతుంది! గుడ్డిగా 3, 7, 11 అంటూ పోతే వందకు పైగా భాగహారాలు చేయాల్సి వచ్చేది.

257 సంగతి ఇంకా తేలిక. 256 అంటే 257కు ఒకటి తక్కువ, కాబట్టి శేషాన్ని −1 అనుకోవచ్చు. వర్గం చేస్తే 1, మళ్లీ వర్గం చేసినా 1. చివరి 1 కలిపితే శేషం 2. భాగం పోదు.

193, 449, 577 మీరు చేయండి. శేషాలు వరుసగా 109, 325, 288 రావాలి. 449 దగ్గర 431 వచ్చినప్పుడు దాన్ని −18గా రాసుకుంటే చాలా శ్రమ తగ్గుతుంది.

641తో భాగిస్తే వచ్చేది 67,00,417. అదీ ప్రధాన సంఖ్యే. దాన్ని నిరూపించడానికి ఎక్కడిదాకా వెతికితే సరిపోతుందో వచ్చే పాఠంలో చూద్దాం.