రిసెప్టర్ పరిశోధనా పత్రాన్ని చదివే పద్ధతి: కంటి జబ్బు, దీర్ఘకాలిక నొప్పి

తిరుపతిలోని విశ్వవిద్యాలయాల్లోనో, చుట్టుపక్కల ఫార్మసీ కళాశాలల్లోనో పీజీ చదువుతూ, సెమినార్ కోసం మొదటిసారి రిసెప్టర్ (మందు అతుక్కుని పనిచేసే, కణంలోని ప్రోటీన్) ఫార్మకాలజీ పత్రం చేతికి తీసుకున్న విద్యార్థుల కోసం ఈ వ్యాసం. రెటీనా కణాలు బతికాయనో, నరాల నొప్పి తగ్గిందనో సారాంశంలో కనబడగానే మనసు నేరుగా రోగి దగ్గరికి పరుగెత్తుతుంది. అది సహజం, మంచిది కూడా. కానీ ఆ మాటకూ రోగికీ మధ్య ఏ కణజాలం, ఏ దిశ (రిసెప్టర్‌ను ఉత్తేజపరిచారా, అడ్డుకున్నారా), ఎంత గాఢత, ఏ జంతువు, ఏ కొలత అనే ప్రశ్నలు అడ్డంగా నిలబడి ఉంటాయి. వాటికి సమాధానాలు రాబట్టకుండా రిసెప్టర్ పేరు ఒక్కటే చూసి ఏ నిర్ణయానికీ రాకూడదు.

పత్రం తెరిచాక సారాంశాన్ని పక్కన పెట్టి ముందు ప్రయోగ పద్ధతుల భాగానికి వెళ్లండి. ఒక తెల్లకాగితం మీద పై ప్రశ్నలను గళ్లుగా గీసుకుని, పత్రంలో రాసిన మాటలనే వాటిలో నింపండి. సమాధానం దొరకని గడిని ఖాళీగానే ఉంచండి. రచయితలు చెప్పనిదాన్ని మనం ఊహించి పూరించకపోవడం ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైన క్రమశిక్షణ.

ఉదాహరణకు సిగ్మా-1 రిసెప్టర్‌ను తీసుకుందాం. కంటికీ నొప్పికీ రెంటికీ సంబంధించిన పరిశోధన దీని మీద జరిగింది కాబట్టి నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచడం లేదు. 1976లో మార్టిన్ బృందం కుక్కల మీద చేసిన ప్రయోగాల ఆధారంగా దీన్ని ఓపియాయిడ్ రిసెప్టర్లలో (మార్ఫిన్ వంటి మందులు పనిచేసేవి) ఒక రకంగా భావించింది. తరువాతి కాలంలో ఇది ఆ కుటుంబానికి చెందినది కాదని తేలింది. 1996లో దీని జన్యువును క్లోన్ చేశారు. 2007లో ఇది కణం లోపలి ఎండోప్లాస్మిక్ రెటిక్యులం పొర మీద ఉండి ఇతర ప్రోటీన్లు సరైన ఆకృతిలో నిలిచేందుకు తోడ్పడే చాపరోన్ అని చూపారు. 2016లో స్ఫటిక నిర్మాణం వెలువడింది. అందువల్ల పాత పత్రం చదివేటప్పుడు ప్రచురణ సంవత్సరాన్ని తప్పకుండా చూడాలి. 1980 నాటి పత్రంలోని సిగ్మా అనే మాటను నేటి అర్థంలో చదివితే మొదటి గడిలోనే దారి తప్పుతాం.

తరువాత వాడిన పదార్థం పేరును అక్షరం అక్షరం చూడండి. పెంటజోసిన్‌కు అద్దంలో ప్రతిబింబాల వంటి రెండు రూపాలున్నాయి. ప్లస్ గుర్తు గల రూపం సిగ్మా-1కు ఎంపికగా అతుక్కుంటుంది. మైనస్ గుర్తు గల రూపం ప్రధానంగా ఓపియాయిడ్ రిసెప్టర్ల మీద పనిచేస్తుంది. మన ఆసుపత్రుల్లో నొప్పికి ఇచ్చే పెంటజోసిన్ ఇంజెక్షన్ ఈ రెండింటి మిశ్రమం. పత్రంలో బ్రాకెట్లలో ఉండే ఆ చిన్న గుర్తును నోట్సులో రాసుకోవడం మరిచిపోతే, ప్రయోగశాలలో రెటీనాకు ఇచ్చిన పదార్థమూ వార్డులో రోగికిచ్చే ఇంజెక్షనూ ఒకటేనన్న భ్రమ కలుగుతుంది. అలాగే మానసిక జబ్బులకు వాడే హాలోపెరిడాల్ సిగ్మా-1కు గట్టిగానే అతుక్కుంటుంది గానీ, డోపమైన్ డి2 రిసెప్టర్‌కూ అంతే గట్టిగా అతుక్కుంటుంది. దాన్ని ఒక్కదాన్నే వాడి ఫలితమంతా సిగ్మా-1కు ఆపాదించిన పత్రాన్ని నమ్మవలసిన పని లేదు. రిసెప్టర్ జన్యువును తొలగించిన జంతువులో మందు ప్రభావం పోయిందని చూపితేనో, నిర్మాణంలో పోలిక లేని రెండో పదార్థంతోనూ అదే ఫలితం వస్తేనో ఆ వాదనకు బలం వస్తుంది.

గాఢత గడి నింపడానికి కాస్త లెక్క చేయాలి. బైండింగ్ ప్రయోగంలో రేడియోధార్మిక లిగాండ్ (రిసెప్టర్‌కు అతుక్కునే పదార్థం) అతుక్కోవడాన్ని, పరీక్షిస్తున్న మందు సగానికి తగ్గించే గాఢతను ఐ.సి.50 అంటారు. ప్రయోగంలో ఎంత లిగాండ్ వాడారన్నదాన్ని బట్టి ఈ విలువ మారిపోతుంది కాబట్టి, 1973లో చెంగ్, ప్రుసాఫ్ ఇచ్చిన సూత్రంతో దీన్ని కె.ఐ.గా, అంటే లిగాండ్ మోతాదును బట్టి మారని ఆకర్షణ కొలతగా, మార్చుకోవాలి. ఐ.సి.50 విలువ 60 నానోమోలార్, వాడిన లిగాండ్ 10 నానోమోలార్, ఆ లిగాండ్ కె.డి. (రిసెప్టర్లలో సగాన్ని నింపే లిగాండ్ గాఢత) 5 నానోమోలార్ అనుకుందాం. 10ని 5తో భాగిస్తే 2, దానికి 1 కలిపితే 3. 60ని 3తో భాగిస్తే కె.ఐ. 20 నానోమోలార్ అవుతుంది. స్వేచ్ఛగా ఉన్న మందు గాఢత 20 నానోమోలార్ ఉన్నప్పుడు, పోటీదారు లేకపోతే, రిసెప్టర్లలో సగం నిండుతాయి. 90 శాతం నిండాలంటే తొమ్మిది రెట్లు, అంటే 180 నానోమోలార్ కావాలి. ఇప్పుడు కణాల ప్రయోగం దగ్గరికి వెళ్లి అక్కడ వాడిన గాఢతను చూడండి. 10 మైక్రోమోలార్ (10,000 నానోమోలార్) అని ఉంటే అది కె.ఐ.కి 500 రెట్లు. అంత మోతాదులో ఆ పదార్థం మరెన్నో ప్రోటీన్లకు అతుక్కునే అవకాశం ఉంది కాబట్టి, ఆ బొమ్మ పక్కన పెన్సిల్‌తో ఒక ప్రశ్నార్థకం పెట్టండి. ఏ పదార్థానికి ఏ రిసెప్టర్ మీద ఎంత ఆకర్షణ ఉందో సరిచూసుకోవడానికి అంతర్జాతీయ ఫార్మకాలజీ సమాఖ్య ఐయూఫార్, బ్రిటిష్ ఫార్మకలాజికల్ సొసైటీ కలిసి నడిపే గైడ్ టు ఫార్మకాలజీ అనే ఉచిత డేటాబేస్ ఉంది.

ఇక దిశ సంగతి. అసలు ఆలోచించవలసింది ఇక్కడే. వంశపారంపర్యంగా రెటీనా క్షీణించే ఆర్.డి.10 చిట్టెలుకలకు ప్లస్ పెంటజోసిన్ ఇచ్చినప్పుడు కోన్ కణాల (పగటి వెలుతురులో రంగులు చూపేవి) పనితీరు నిలిచిందని 2016లో ప్రచురితమైంది. అంటే కంటికి మేలు చేసింది రిసెప్టర్‌ను ఉత్తేజపరచడం. నొప్పి పరిశోధనలో కథ తిరగబడుతుంది. సిగ్మా-1 జన్యువు లేని చిట్టెలుకల్లో నరాల గాయం తరువాతి నొప్పి లక్షణాలు తక్కువగా కనిపించాయి. అక్కడ పరీక్షకు వచ్చిన మందులు రిసెప్టర్‌ను అడ్డుకునే యాంటగోనిస్టులు. పైగా అదే జన్యువు లేని చిట్టెలుకల్లో వయసు పైబడ్డాక లోపలి రెటీనా పనితీరు తగ్గినట్టు చూపారు. తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రికి గానీ అరవింద్ కంటి ఆసుపత్రికి గానీ పలమనేరు, పుంగనూరు వైపు నుంచి వచ్చే మధుమేహ రోగులను తలుచుకోండి: కాళ్ల మంటలు, తిమ్మిర్లు ఒకవైపు, రెటీనా దెబ్బతినడం మరొకవైపు ఒకే మనిషిలో ఉండవచ్చు. కాళ్ల మంటకు ఇవ్వదలచిన యాంటగోనిస్ట్‌ను ఏళ్ల తరబడి వాడితే రెటీనాకు ఏమవుతుందన్న ప్రశ్నను నొప్పి పత్రం అడిగిందా, కంటిని పరీక్షించిందా అని వెతకండి. జన్యువు పుట్టుకతోనే లేకపోవడమూ, పెద్దయ్యాక మందుతో కొంతమేర అడ్డుకోవడమూ ఒకటి కావు. కాబట్టి హాని జరుగుతుందని తేల్చి చెప్పలేం. అయినా ఆ ప్రశ్న వేయడం చదువరి బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతాను.

కంటి పత్రాల్లో మందు చేరే దారిని ప్రత్యేకంగా చూడాలి. ఒక చుక్క సాధారణంగా 30 నుంచి 50 మైక్రోలీటర్లు ఉంటుంది. కంటి రెప్ప లోపల నిలిచేది సుమారు 30 మాత్రమే. మిగిలింది చెంప మీదికి కారిపోతుంది, లేదా కన్నీటి నాళం ద్వారా ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుంది. నీటికాసులకు వాడే టిమోలాల్ చుక్కలు ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదకరం కావడానికి కారణం ఇదే: కంట్లో ద్రవం తయారీని తగ్గించడానికి అడ్డుకున్న బీటా రిసెప్టర్లే శ్వాసనాళాల్లోనూ ఉన్నాయి. నీటికాసులకే వాడే లాటనోప్రోస్ట్ విషయంలో మందును ఎస్టర్ రూపంలో చుక్కగా ఇస్తే, కార్నియా దాటేటప్పుడు అక్కడి ఎంజైములు దాన్ని ఎఫ్.పి. రిసెప్టర్‌కు అతుక్కునే ఆమ్లంగా మారుస్తాయి. కుందేలు మనకంటే చాలా తక్కువసార్లు రెప్ప వేస్తుంది, చిట్టెలుక కన్ను మరీ చిన్నది. వాటిలో చుక్క మందు లోపలి వరకూ చేరిందంటే మనిషిలోనూ చేరుతుందని అర్థం కాదు.

నొప్పి పత్రాల్లో కొలతే బలహీనమైన చోటు. వాన్ ఫ్రే తంతువుతో పాదాన్ని తాకినప్పుడు ఎలుక ఎంత ఒత్తిడికి కాలు వెనక్కి తీసుకుంటుందో చూస్తారు. అది ప్రతిచర్యే తప్ప, రాత్రంతా నిద్రపట్టని రోగి చెప్పుకునే బాధ కాదు. మందు వల్ల జంతువు మగతగా ఉన్నా కాలు తీసుకోదు. తిరిగే కడ్డీ మీద జంతువు నిలబడగలదా అని చూసే రోటారాడ్ వంటి పరీక్షతో ఆ అనుమానాన్ని తీర్చారా అన్నది చూడండి.

జంతువుల్లో బాగున్నది మనిషిలో ఎలా ఉంటుందో చరిత్ర చెబుతుంది. నొప్పి సంకేతాన్ని మోసే సబ్‌స్టెన్స్-పి అతుక్కునే ఎన్.కె.1 రిసెప్టర్‌ను అడ్డుకునే పదార్థాలు జంతువుల్లో నొప్పిని తగ్గించాయి, మనుషుల్లో తగ్గించలేకపోయాయి. ఆ కోవలోని ఎప్రెపిటాంట్ 2003లో కీమోథెరపీ వాంతులకు మందుగా అనుమతి పొందింది. మిరపకాయ కారానికి (క్యాప్సైసిన్‌కు) స్పందించే టి.ఆర్.పి.వి.1 రిసెప్టర్‌ను 1997లో డేవిడ్ జూలియస్ బృందం క్లోన్ చేసింది, 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. నొప్పి కోసం దాన్ని అడ్డుకోబోతే కొందరు రోగుల్లో శరీర ఉష్ణోగ్రత పెరిగింది. దానికి భిన్నంగా, క్యాప్సైసిన్‌ను 8 శాతం పట్టీగా చర్మం మీద అంటించి అదే రిసెప్టర్‌ను తీవ్రంగా ఉత్తేజపరిచే చికిత్స హెర్పిస్ జోస్టర్ తరువాత మిగిలే నరాల నొప్పికి అనుమతి పొందింది. చల్లదనాన్ని పసిగట్టే టి.ఆర్.పి.ఎం.8ను కార్నియాలో ఉత్తేజపరిచి కన్నీరు ఊరించే అకోల్ట్రెమాన్ చుక్కలకు 2025లో అమెరికాలో అనుమతి వచ్చింది. మందు పేరు కూడా దారి తప్పించగలదు: నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్ గాబా రిసెప్టర్లకు అతుక్కోదు, కాల్షియం ఛానళ్ల ఆల్ఫా-2-డెల్టా భాగానికి అతుక్కుంటుంది.

మనుషుల మీద పరీక్ష జరిగిందని పత్రంలో ఉంటే రిజిస్ట్రీలో వెతకండి. మన దేశంలో 2007లో మొదలైన సి.టి.ఆర్.ఐ. (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ - ఇండియా)లో 2009 జూన్ నుంచి క్లినికల్ ట్రయల్‌ను ముందుగా నమోదు చేయడం తప్పనిసరి. నమోదు సమయంలో ప్రధాన ఫలితంగా దేన్ని ప్రకటించారు, పత్రంలో దేన్ని ప్రధానంగా చూపారు అన్నవి పక్కపక్కన రాసుకోండి. నొప్పి స్కోరు అని నమోదు చేసి, చివరికి నిద్ర మెరుగైందని శీర్షిక పెట్టి ఉంటే, ఆ తేడాను సెమినార్‌లో మొదటి స్లైడులోనే చెప్పండి.

ఇవన్నీ చదివే విద్యార్థిని ఇంట్లో పెద్దలు సలహా అడుగుతారు. కొత్త మందు వస్తోందట కదా, ఈ చుక్కలు మానేయనా అని అమ్మమ్మ అడిగితే, మానవద్దని స్పష్టంగా చెప్పాలి. నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదు. ఉబ్బసం ఉంటే ఆ సంగతి కంటి డాక్టరుకు తెలుసో లేదో అడిగి కనుక్కోండి. చుక్క వేశాక కన్ను మూసుకోమని, ముక్కు పక్కన కంటి లోపలి మూలను వేలితో ఒకటి రెండు నిమిషాలు మెల్లగా నొక్కి ఉంచమని చూపించండి. రెండో రకం చుక్కలు కూడా ఉంటే కనీసం ఐదు నిమిషాలు ఆగి వేయాలి.